గుండీకి సూది

టైలరమ్మ మందు సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లిస్తోంది. ఇన్సులిన్ సీసాను కుదపకూడదు, ఇలా దొర్లించాలి అని జంతువుల డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిందేమో, చల్లదనం మణికట్ల దాకా పాకుతోంది. బాత్‌రూమ్‌లో చెల్లెలు స్నానం చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ నీళ్ళ చప్పుడు ఆగేలోగా పని కానివ్వాలి.

వంటగది మూలన గుండీ గిన్నెలో మూతి పెట్టి తింటోంది. తెల్లపిల్లి. ముక్కు పక్కన నల్లగా గుండ్రటి మచ్చ. చొక్కాకి కుట్టాల్సిన గుండీని ఎవరో పరధ్యానంగా పిల్లి మూతికి కుట్టేసినట్టు ఉంటుంది. ఓ వానరోజు తడిసి ముద్దయి ఈ ఇంట్లోకి దూరి, కుట్టుమిషను తొక్కుడు పలక మీద ముడుచుకుని పడుకుంది. వచ్చిన కొత్తలోనే, మిషను మీంచి వేలాడుతున్న కొలత టేపు పట్టుకుని ఆడీ ఆడీ మొదటి రెండు అంగుళాలూ కొరికి పారేసింది. అప్పట్నుంచి టైలరమ్మ ఇంట్లో ఏది కొలిచినా రెండు తీసేసి లెక్క వేసుకుంటుంది. కొత్త టేపు కొనడం పెద్ద పనేమీ కాదు. కానీ కొనలేదు.

ఈ నెలలోనే గుండీకి జబ్బు బయటపడింది. గిన్నెల కొద్దీ నీళ్ళు తాగడం, తిన్నదంతా ఎటు పోతోందో తెలియకుండా చిక్కిపోవడం. షుగరు, అంది డాక్టరమ్మ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తిండి పెట్టినప్పుడు ఒక్క యూనిట్. సూది ఎలా వేయాలో చూపించి టైలరమ్మ చేతికి ఇచ్చింది. బట్టల షాపులో మెట్ల కింద గదిలో కూర్చుని, కొన్నవాళ్ళు తొడుక్కునేలోపు ప్యాంట్లకు అంచులు మడిచి కుట్టే చేతులవి. పని నేర్చుకున్న రోజు నుంచీ సూదితోనే బతికిన మనిషి. అలాంటిది ఆ పిసరంత సూది పట్టుకోగానే చెయ్యి వణికింది. గుండీ బుస్సుమంది. పక్కనున్న చెల్లెలు "ఇలా ఇవ్వక్కా" అని అందుకుని, మెడ వెనక చర్మం చిటికెడు పైకి లాగి, కనురెప్ప వేసేలోపు వేసేసింది. బ్యూటీ పార్లర్‌లో ఇన్నేళ్ళుగా మనుషుల కనుబొమలు దిద్దిన చెయ్యి. చర్మం ఎక్కడ పట్టుకుంటే నొప్పి తెలియదో ఆ వేళ్ళకు తెలుసు. డాక్టరమ్మ కూడా "బాగా వేశారు" అని మెచ్చుకుంది. టైలరమ్మకు కళ్ళు కుట్టాయి.

కుట్టడం ఆ రోజుతో మొదలవలేదు. చిన్నప్పుడు కొత్త గౌను పెద్దదానికే కొనేవాళ్ళు. కానీ ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో ఆ గౌన్లు వేసుకుని నిలబడింది చిన్నదే. అసలు టైలరమ్మ కుట్టుపని నేర్చుకున్నదే తన గౌన్లను చెల్లెలి కొలతకు తగ్గించడానికి. వీధిలో వాళ్ళు చెల్లెల్ని ముద్దు చేసేవాళ్ళు, తనను పని చెప్పడానికి పిలిచేవాళ్ళు. ఇంతకాలానికి ఈ ప్రపంచంలో ఒక ప్రాణి, చెల్లెలు అంటే ఎవరో తెలియని ప్రాణి, నేరుగా తన కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంది. అది గుండీ.

చెల్లెలు పనిచేసే పార్లర్ మూతపడి ఆమె ఇక్కడికి వచ్చింది. వేరే ఊళ్ళో మళ్ళీ పని దొరికింది. పార్లర్ మీదే గది. ఆదివారం ప్రయాణం. మొన్న రాత్రి భోజనాల దగ్గర "గుండీని నాతో తీసుకెళ్ళనా అక్కా? నీకు సూది చేత కావట్లేదు కదా" అంది, మామూలుగానే. "అది నాది" అని టైలరమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. మర్నాడే షాపు మేనేజరుని బతిమాలి, సాయంత్రాలు త్వరగా వదలడానికి ఒప్పించుకుంది. ఇక మిగిలింది సూది వేయడం ఒక్కటే. ఆదివారంలోగా అది వచ్చి తీరాలి. రాకపోతే ఇదీ చెల్లెలిదే.

సిరంజిలోకి ఒక్క గీత వరకూ మందు లాగి, గుండీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చర్మం పట్టుకుంది. గుచ్చింది. పిడి నొక్కుతోంది, అయిపోవచ్చింది కూడా. అంతలో గుండీ ఎగిరి బల్ల కిందికి దూరింది. సూది బయటికి వచ్చేసింది. పిల్లి వీపు మీద తెల్ల బొచ్చు తడిసి అతుక్కుపోయి ఉంది. వేలితో తుడిచి వాసన చూసింది. మందు వాసనే.

అంతా బొచ్చు మీదే పోయింది, అనుకుంది. ఒంట్లోకి చుక్క కూడా వెళ్ళి ఉండదు.

పడిందో లేదో అనుమానం ఉంటే మళ్ళీ వేయకండి, ఒక పూట మానేసినా పరవాలేదు, రెండుసార్లు పడితే మాత్రం షుగరు మరీ తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుంది అని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తు లేకపోలేదు. కానీ తనకు అనుమానం లేదుగా. నీళ్ళ చప్పుడు ఆగింది. టైలరమ్మ సిరంజిని గుండీల డబ్బాలో దాచి మూత పెట్టింది.

చెల్లెలు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి గిన్నె మీద చెంచాతో టకటకా కొట్టింది. బల్ల కింద నుంచి గుండీ తోక లేపుకుని వచ్చి మళ్ళీ తినసాగింది.

"చూశావా, నా చప్పుడు పట్టేసింది" అంది చెల్లెలు. మెడ దగ్గర చెయ్యి వేసి ఆగింది. "ఇదేంటక్కా, వీపు తడిగా ఉంది?"

"నీళ్ళు చిందాయి."

చెల్లెలు సూది వేసింది. టైలరమ్మ గుమ్మం పక్కన నిలబడి అంతా చూసింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఓడిపోయినట్టే. సంచీ భుజాన వేసుకుని బస్సు వేళయిందని బయటపడింది.

మెట్ల కింద గదిలో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, బట్టలు కత్తిరించే కత్తెరాయన. పైన మెట్ల మీద కొనేవాళ్ళు దిగుతూ ఎక్కుతూ ఉంటే కింద వీళ్ళ నెత్తి మీద అడుగుల చప్పుడు. టైలరమ్మ ప్యాంటు అంచు మడిచి, గుండుసూదులు గుచ్చి, మిషను నడుపుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు మాత్రం వంటగదిలోనే ఉండిపోయింది. గుచ్చాక నొక్కాను. నొక్కాక కదా అది ఎగిరింది? లేక ఎగిరాక నొక్కానా? ఎంత తలచుకున్నా పొద్దున ఉన్న ధీమా తిరిగి రాలేదు. మధ్యాహ్నం అవుతుండగా ఆగలేక ఫోన్ చేసింది.

"గుండీ ఏం చేస్తోంది?"

"నా ఒళ్ళో పడుకుంది" అంది చెల్లెలు. గొంతులో నవ్వు దాచుకుంటున్నట్టు ఉంది. "ఎప్పట్నుంచో ఇలాగే. అసలు లేవట్లేదు. నాకూ లేపబుద్ధి కావట్లేదు."

"సరేలే" అని ఫోన్ పెట్టేసింది.

తన ఒళ్ళోకి రావడానికే ఆ పిల్లి సవాలక్ష బెట్టు చేసేది. వాన పడాలి, కరెంటు పోవాలి, దానికి చలి వేయాలి, అప్పుడుగానీ రాదు. మధ్యాహ్నం పూట కిటికీలోంచి కదిలే రకమే కాదు. నాలుగు సూదులు వేసేసరికి చెల్లెల్ని నెత్తికెక్కించుకుంది. విశ్వాసం లేని జంతువు. సూది పొడిచే మనిషి దగ్గరికి పోయి పడుకుంటుందా, అన్నేళ్ళు తిండి పెట్టిన మనిషిని వదిలేసి? ఆదివారం ఏమిటి, ఇవాళే పొమ్మను, ఇద్దర్నీ పొమ్మను, అనుకుంటూ పెడలు తొక్కింది. మిషను గదంతా అదిరిపోయేలా మోగింది.

"టైలరమ్మా" అన్నాడు కత్తెరాయన, చేతిలో గుడ్డ పక్కన పెట్టి. "ఆ కాలు ఇందాకే కుట్టారు కదండీ."

చూసుకుంది. నిజమే. కుట్టిన కాలికే మళ్ళీ మడత పెట్టి రెండోసారి కుట్టేసింది. రెండో కాలు బల్ల మీంచి అలాగే వేలాడుతోంది. పని నేర్చుకున్నాక ఎన్నడూ చేయని పొరపాటు. కత్తెరాయన నవ్వాడు. టైలరమ్మకు నవ్వు రాలేదు. ఒకదాని మీద ఒకటి రెండు కుట్లు. చెల్లెలన్న మాట చెవిలో మళ్ళీ వినిపించింది. లేవట్లేదు.

ఫోన్ అందుకుని మళ్ళీ నొక్కింది.

"పిల్లిని లేపు."

"ఏమైందక్కా? హాయిగా..."

"లేపవే ముందు."

అవతల గుడ్డల చప్పుడు. పిలుపు. మళ్ళీ పిలుపు. "అక్కా, తల నిలబెట్టట్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడట్లేదు. కాళ్ళు వణుకుతున్నాయి."

"తేనె తీసుకో. నోట్లో పోయకు, వేలితో చిగుళ్ళకి రాయి. రాస్తూనే ఉండు. టాక్సీ పిలిచి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు."

"ఎందుకిలా అయింది?"

టైలరమ్మ గోడకు ఆనుకుంది. కత్తెరాయన వింటున్నాడని తెలుసు. "పొద్దున నువ్వు స్నానం చేస్తున్నప్పుడు నేను వేశాను. తర్వాత నువ్వూ వేశావు. చూస్తూ ఊరుకున్నాను."

అవతల సీసా మూత తిప్పుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది, నిలబడితే తొందరగా చేరుతుందన్నట్టు. రెండో బస్సు ఎంతకీ రాకపోతే స్టాపులో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆ మాట తనకే తట్టి, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది. నా దగ్గర ఉండకపోయినా పరవాలేదు, ఎవరి ఒళ్ళోనైనా సరే లేచి కూర్చుంటే చాలు అనుకుంది.

ఆసుపత్రిలో గుండీ ఇనప బల్ల మీద తువ్వాలులో ఉంది. ముందు కాలికి సన్నటి గొట్టం కట్టి ఉంది. మూతి చుట్టూ తేనె అంటుకుని నల్లమచ్చ మెరుస్తోంది. టైలరమ్మ అడుగుల చప్పుడుకు ఒక చెవి ఇటు తిప్పింది. కొంచెమే తిప్పింది.

"గండం గడిచింది" అంది డాక్టరమ్మ. "తేనె రాయడం మంచిదయింది. ఇవాళ సాయంత్రం సూది వద్దు. రేపు పొద్దున రక్తం చూసి చెబుతాను. ఇక మీదట కొన్ని వారాలు పగలంతా ఎవరో ఒకరు దగ్గరుండి కనిపెట్టుకోవాలమ్మా. ఇంట్లో ఎవరుంటారు?"

అక్కాచెల్లెళ్ళు బయట బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. చెల్లెలి వేళ్ళు ఇంకా జిగటగానే ఉన్నాయి. తిడుతుందని టైలరమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండేది.

"నాకు అనుమానం రావాల్సింది" అంది చెల్లెలు చివరికి. "అది నా ఒళ్ళోకి ఎప్పుడైనా వచ్చిందా? తినడానికి వస్తుంది, సూది వేశాక మొహం కూడా చూడదు. ఎండ తగ్గాక, నువ్వొచ్చేదాకా ఆ మిషను కిందే పడుంటుంది. ఇవాళ తూలుకుంటూ వచ్చి నా మీద వాలితే... సంబరపడిపోయాను అక్కా. నీకు ఫోన్‌లో చెప్పింది కూడా, నువ్వు కుళ్ళుకోవాలనే."

"కుళ్ళుకున్నాను" అంది టైలరమ్మ.

చెల్లెలు నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

తలుపు అద్దంలోంచి గుండీ తెల్లటి వీపు కనిపిస్తోంది, ఊపిరికి లేస్తూ పడుతూ. టైలరమ్మ దాన్ని చూస్తూనే లెక్క వేసుకుంది. తను పొద్దున వెళితే మళ్ళీ చీకటి పడేవేళకే ఇల్లు చేరేది. మేనేజరు ఇచ్చిన మాట సాయంత్రాలకే, మధ్యాహ్నాలకు కాదు. చెల్లెలి గది పార్లర్ మీదే, గడియకోసారి మెట్లెక్కి చూసి రావచ్చు. అన్నిటికంటే, తన చెయ్యి మీద తనకు నమ్మకం పోయింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లి ఎవరిదో తేలాలని కొట్టుకుంది. ఇప్పుడు తేలింది. తేలాక ఇవ్వాల్సి రావడం ఇంకా మండుతోంది.

"ఆదివారం దాన్ని నువ్వే తీసుకెళ్ళు" అంది.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. తేనె రెండు చేతులకూ అంటింది.

ఆదివారం నాటికి గుండీ కిటికీ ఎక్కి కూర్చునేంత తేరుకుంది. డాక్టరమ్మ ప్రయాణానికి సరేనంది. టైలరమ్మ మూత ఉన్న బుట్ట కొని, అడుగున తన పాత చీర నాలుగు మడతలు పెట్టి చుట్టూ కుట్టింది. మందు సీసా మంచుముక్కల ఫ్లాస్కులో సర్దింది. సిరంజిలు, మెత్తటి తిండి, గిన్నె, చెంచా, అన్నీ సంచిలో పెట్టింది. చెల్లెలు మిషను వైపు చూసి "ఆ టేపు కూడా ఇవ్వక్కా, దానికి ఆడుకోవడానికి" అంది.

"అది నాకు పనికి కావాలి" అంది టైలరమ్మ.

బస్సు కదిలేటప్పుడు బుట్టలోంచి గుండీ ఒక్కసారి అరిచింది. చెల్లెలు కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, బుట్టను రెండు చేతులా పట్టుకుని ఉంది. వెళ్ళినచోట అది చెల్లెలి ఒళ్ళోకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో అని టైలరమ్మ అనుకుంది. చాలా రోజులు పట్టాలని కూడా అనుకుంది.

ఇంటికి వచ్చి, ఆగిపోయిన రవికె పని ముందేసుకుంది. ఆది రవికె మీద ఛాతీ కొలిచి, రెండు తీసేసి, సుద్దముక్కతో గీత గీసింది. మిషను తొక్కబోతూ అలవాటు కొద్దీ కింద పలక మీదికి వంగి చూసి, కాళ్ళు పెట్టుకుంది. టేపును ఎప్పటిలాగే మిషను అంచు మీంచి కిందికి వదిలింది. కొరికిన కొస నేలకు జానెడు ఎత్తులో, గాలికి కొద్దిగా కదులుతూ ఉంది.