పారబోసిన పరీక్ష

గళగళమని పారబోసిన చప్పుడు. ఆ వెంటనే ఖాళీ డబ్బా బండల మీద దొర్లిన చప్పుడు. పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతున్న భువనేశ్వరి చేయి పిండిమీదే నిలిచిపోయింది.

లేచి వెళ్లి చూస్తే, స్నానాల గదిలో అత్త తిరుపాలమ్మ డబ్బా కడుగుతూ ఉంది.

"అత్తా! అది పరీక్షకు పట్టింది గదా!"

"పరీచ్చో గిరీచ్చో! చక్రాయపేట నుంచి మీ మామ అక్క వస్తాంది. ఇంట్లో ఉచ్చ డబ్బా పెట్టుకుంటారా ఎవురైనా? సిగ్గుండాల."

నిన్న తెల్లవారినప్పటి నుంచి ఈ పొద్దు తెల్లవారే దాకా, ఒక్క చుక్క పోకుండా పట్టింది. కాసేపట్లో ప్రొద్దుటూరు ల్యాబుకు చేరవలసింది. ఏడాది కిందట చెల్లెలు హాసిని ఇచ్చిన మూలకణాలు ఆమె ఎముకల్లో కొత్త నెత్తురు పుట్టించాయి. ఆ నెత్తురును కుదురుగా నిలిపే మందులే కిడ్నీలను మెల్లగా తినేస్తున్నాయేమోనని డాక్టరమ్మ అనుమానం. ఈ లెక్క తేలితేగాని మందు మార్చలేనంది.

ఇందుకోసమే నిన్న ఆమె మేకల వెంట పోలేదు. "బాగైందని డాక్టరే చెప్పె గదా, ఇంకా యాడి పరీచ్చలు?" అని గొణుగుతూనే భర్త జగదీశ్ కర్ర అందుకున్నాడు. వాకిట్లోనే మేకల దొడ్డి. వాటి ఉచ్చతో నానిన మన్నును అత్త బంగారంలా ఎత్తి చేనికి పంపుతుంది. ఆ వాసన ఏ చుట్టం ముందూ సిగ్గు కాదు. ఇంతమందికి వండి, కడిగి, ఊడ్చిన ఒళ్లు నాది. అది ఎంత మిగిలిందో కొలిచి చూసుకోవడానికి ఈ ఇంట్లో మూరెడు చోటు లేదా, అనుకుంది భువనేశ్వరి.

"ఈ పొద్దు గూడా మేకల్ని నువ్వే తోలుకపో," అంది మొగుడితో. అతను నోరు తెరిచేలోగా డబ్బా ఆరబెట్టింది. మళ్లీ మొదటి నుంచి పట్టడం మొదలుపెట్టింది. స్నానాల గది గుమ్మం పక్కన, చల్లని మూలలో, అందరికీ కనబడేట్టు పెట్టింది.

చక్రాయపేట పెద్దమ్మ రానే వచ్చింది. కాళ్లు కడుక్కోబోతూ ఆగింది.

"ఏంది పిల్లా ఇది? షుగరా?"

తిరుపాలమ్మ ఉరికొచ్చింది. "ఏంలే వదినా, రవ్వంత రక్తం తక్కువ, అంతే." ఏడాదిగా చుట్టాలందరికీ చెప్పిన మాటే.

"రక్తం తక్కువైతే దానిమ్మకాయలు తినాల గాని, డబ్బాలకు పట్టుకుంటారా ఏందే!" పెద్దమ్మ పకపకా నవ్వింది.

భువనేశ్వరి నవ్వలేదు. ఈ ఇంట్లో ఎవరూ గుసగుసగానైనా పలకని పేరు నాలుక మీద బరువుగా కదిలింది.

"దాన్ని మళ్లా ఎవురూ పారబోయకుండా నువ్వే చూడు పెద్దమ్మా," అంది. "నాకొచ్చింది బ్లడ్ క్యాన్సరు."