వెనక సీటులోంచి స్కూటరు

చొక్కా వీపు ఇస్త్రీ చేయడంలో ఆవిడకు సాటి లేదు. ముందు భాగం ఎవరైనా చేస్తారు, నలుగురూ చూసేది అదే కనుక. వీపు మాత్రం ఆవిడ తన కోసం చేసుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా స్కూటరు వెనక కూర్చుని ఆవిడ చూసిన లోకం అదే మరి. ఎడమ భుజం దగ్గర ఒక్క ముడత మిగిలిందా, ఇల్లు చేరేదాకా కళ్లకు వేరే దృశ్యం ఉండదు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి, "నేనూ బండి నేర్చుకుంటానండీ" అంది.

"నీకెందుకు? నేను దింపుతాగా" అన్నాడు భర్త.

మాట తప్పలేదు, దింపాడు. మార్కెట్టు దగ్గర దింపాడు, ఆసుపత్రి దగ్గర దింపాడు, చుట్టాలందరి ముందూ ఒక్క మాటతో దింపాడు. దింపీ దింపీ, ఆవిడ తన మీద తాను పెట్టుకున్న నమ్మకాన్ని కూడా ఏదో మలుపులో దింపేసి వచ్చాడు. బండి రాలేదు కానీ, బండెడు చాకిరీ మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

అత్తగారి పుస్తకాలు తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్లిన రోజున, గోడమీద కాగితం కనిపించింది. మాంగా అనే జపాను బొమ్మల కథల పద్ధతిలో వాహనాలూ యంత్రాలూ గీయడం నేర్పుతారట, ఆరు శనివారాలు. చిన్నప్పుడు నోటుపుస్తకాల చివరి పేజీల నిండా బస్సులు గీసిన చెయ్యి, అడక్కుండానే పేరు రాసేసింది.

"మాంగానా, మాగాణా? ఎన్నెకరాలు?" అని భర్త తన జోకుకు తానే నవ్వుకున్నాడు.

"ఈ వయసులో బొమ్మకార్లేంటమ్మా? మరి శనివారం నా టీ సంగతి?" అన్నారు అత్తగారు. టీ ఫ్లాస్కులో పోసిపెట్టి వెళ్లింది.

నేర్పే అమ్మాయిది ఆవిడ వయసులో సగం. "ఏ బండైనా ముందు ఒక పెట్టె, ఆంటీ. తర్వాతే చక్రాలు" అంది. పెట్టెలో ఇమడటం ఆవిడకు కొత్తా? వాషింగ్ మెషీను, మిక్సీ, కుట్టుమిషను చకచకా వచ్చేశాయి. అవన్నీ ఆవిడ వరసవాళ్లే. కాకపోతే అవి ఆగిపోతే ఇంట్లోవాళ్లు కంగారుపడి మనిషిని పిలిపిస్తారు.

"బండిని కదలకుండా గీసి, చుట్టూ గీతల్ని పరిగెత్తించండి. అప్పుడే వేగం తెలుస్తుంది" అంది అమ్మాయి మరో వారం. వంటింట్లో నిలబడ్డచోటే పరిగెత్తే ఆవిడకు ఆ కిటుకు ఇట్టే పట్టుబడింది.

అయిదో శనివారం, ఎవరి బండిని వాళ్లు చూడకుండా గీయాలి. బాగున్నవి చివరి వారం గోడకెక్కుతాయి. ఆవిడ తలెత్తకుండా గంటసేపు గీసింది.

"ఆంటీ, హ్యాండిలేదీ?" అమ్మాయి కిసుక్కున నవ్వింది. కాగితం నిండా పెద్ద చొక్కా వీపు. పైన కాలరు, ఒక చెవి కొస. భుజాలకు అటూ ఇటూ అద్దాల అంచులు.

"రోజూ ఎక్కే బండేగా?"

"ఎక్కుతానమ్మా. వెనక."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "ఒక్కసారి ముందు కూర్చుని చూడండి ఆంటీ. వచ్చే వారం ఇది గోడకి పెడదాం."

మర్నాడు ఉదయం భర్త కింద స్కూటరు తుడుస్తున్నాడు. ఆవిడ బొమ్మా పెన్సిలూ పట్టుకుని వెళ్లింది. "ఒక్క అరగంట బండి ఇలా ఉంచుతారా? ముందు కూర్చుని గీసుకుంటాను."

"బొమ్మ బండికి నిజం బండెందుకే? ఫోన్లో చూసుకో" అంటూ ఆయన చేతికందిన కాగితానికి గ్రీజు తుడుచుకున్నాడు.

"అయ్యో, అది..."

"కాగితమేగా!" స్నానానికి పైకి వెళ్లిపోయాడు.

బొమ్మలోని చొక్కా వీపు మీద అయిదు నల్లటి వేళ్లు. ఇరవై రెండేళ్లలో ఆ వీపు మీద మరక పడటం అదే మొదలు. ఏ సబ్బుకు పోతుందా అని ఆలోచించింది ఆవిడ. అలా ఆలోచించినందుకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ముందు సీట్లో కూర్చుంది. అద్దం ఆయన ఎత్తుకు బిగించి ఉంది. అందులో ఆవిడ ముఖం లేదు. మూడో అంతస్తు బాల్కనీ, పొద్దున తాను ఆరేసిన ఆరు చొక్కాలు ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత అద్దాన్ని కిందికి వంచింది. కణతల దగ్గర నెరిసిన ముఖమొకటి వచ్చి నిలబడింది. ఎప్పుడో ఎక్కాల్సిన మనిషి, ఇప్పుడొచ్చింది.

కాగితం తిరగేసి హ్యాండిలు గీయడం మొదలుపెట్టింది. వేళ్ల మరక ఇటువైపుకీ ఊరింది. చెరపలేదు, దాని మీదుగానే గీసింది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. "అద్దం ఎవరు కదిపారు? ఇలా ఉంటే నాకేం కనపడుతుంది? దిగు, దిగు."

"నాకు కనపడుతోందండీ" అంది ఆవిడ, పెన్సిలు ఎత్తకుండా.

దిగలేదు.