వంద లెక్కపెట్టేదాకా

మా అడవిలో ఒకే చెట్టు కింద రెండు రకాల పుట్టగొడుగులు మొలుస్తాయి. ఒక తల్లి పిల్లలే అనిపిస్తాయి. అదే గొడుగు, అదే ఇటుక రంగు. కోస్తే రెండింటికీ తెల్లటి పాలు కారతాయి. కానీ వంద లెక్కపెట్టేలోపు ఒకదాని పాలు పసుపుగా మారతాయి. అది తింటే కడుపుకు చేటు. తెల్లగా నిలిచిందే మంచిది. ఇది నాకెవరూ చెప్పలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలో చదివాను.

ఇంట్లో ఉండేది నేనూ నా తోటికోడలూ. అన్నదమ్ములిద్దరూ ఏడాది తేడాతో పోయారు. అప్పటినుంచి తను చెప్పులేసుకుంటే చాలు, కూతురింటికి వెళ్ళిపోతుందేమోనని గుమ్మందాకా వెంట నడుస్తాను. పుట్టగొడుగులు కోసి చూసేది నేనే. చూసినవాళ్ళే ముందు తినాలి, రెండోవాళ్ళు మర్నాటిదాకా ఆగాలి. ఆ నియమం పెట్టిందీ నేనే.

ఈసారి వానలకు ఏది కోసినా పసుపే. పెరట్లో ఒక్కదాన్నే కూర్చుని కోసి, మూడు బుట్టలు పారబోశాను. నాలుగోసారి తోటికోడలు వచ్చి పక్కన కూర్చుంది. కోసిన నాలుగూ పసుపేనని బుట్ట పారబోయబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగక్కా. నా జుట్టేం రంగు?"

"ఇదేం ప్రశ్నే? కాస్త పసుపుగా ఉంది. నూనె మార్చావా?"

"ముగ్గుబుట్టలా ఉందక్కా నా తల! పసుపంతా నీ కళ్ళలోనే ఉంది."

"కామెర్లా?"

"కాదు, శుక్లాలు. మా అమ్మకూ ఇంతే."

కత్తి కింద పెట్టేశాను. ఇక నేను దేనికి పనికొస్తాను?

"అయితే నీ కూతురింటికి వెళ్ళిపోతావా?"

"అక్కడ ఎవరితో పోట్లాడను? రేపు కళ్ళాసుపత్రికి పోదాం. ఇప్పుడు నువ్వు లెక్కపెట్టు, నేను చూస్తా. నలభై దాటితే నాకు లెక్క తప్పుతుందని తెలుసుగా."

ఇంకొకటి కోసి, లెక్కపెట్టాను. అరవై దగ్గర తడబడ్డాను. డెబ్భైకి తను నా మోకాలి మీద చెయ్యి వేసింది. వంద.

"తెల్లగానే ఉంది. నీ మీదొట్టు."

బుట్టంతా అలాగే చూశాం. తెల్లగా నిలిచినవి పెనం మీద వేయించి, తన పళ్ళెంలోనే పెట్టుకుంది.

"చూసింది నేను. ముందు నేనే తినాలి. నీకు రేపు."

రేపటిదాకా తన ముఖం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఇన్నేళ్ళూ తను అలాగే కూర్చుందని అప్పుడు తెలిసింది. తన పళ్ళెంలోనే చెయ్యి పెట్టాను.

"మరి నీ నియమం?"

"పోతే ఇద్దరం పోదాం."

"అంట్లెవరు తోముతారు మరి?" అంటూ పెద్ద ముక్క నా వైపు నెట్టింది.