ఏడు గడుల చార్టు

మైదా పిండి ఉడికించి, బీరువా తలుపుకి పూసి, చార్టు అతికించాను. గీసింది మాత్రం మా ఆయన. ఆదివారం భోజనం చేసి కూర్చుని, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో రెండు గంటల్లో మా అమ్మాయి ఏడేళ్ళ బతుకు గీసి పారేశారు. ఆరో తరగతిలో ఫౌండేషన్ కోర్సు, ఎనిమిదిలో పోటీ పరీక్షలు, పది అయ్యేసరికి పదకొండో తరగతి లెక్కలు పూర్తి. పన్నెండు చివర ఎర్ర రంగులో "సీటు". అడుగున "బాధ్యత" అని ఇంకో వరస. అందులో మొదటి గడిలో "అమ్మ" అని రాసి, ఏడో గడి దాకా బాణం లాగారు.

"ఇందులో మీ పేరెక్కడండీ?" అన్నాను.

"ప్లానంతా నాదేగా!" అన్నారు, పెన్నులకి మూతలు పెట్టమని నాకిస్తూ.

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పధ్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. సీసా ఎత్తి వెలుగులో పట్టుకుంటే ఏ వీధి నీళ్ళో సగం చెప్పేస్తాను. చిన్నప్పుడు నేనూ ఇలాగే ర్యాంకు తెచ్చుకుని, సీటు తెచ్చుకుని, ల్యాబులో కిటికీ దగ్గరున్న ఆ బల్ల దగ్గరికి చేరినదాన్నే. "ఉద్యోగం మానేసి పిల్లని చదివించు. ఆరేళ్ళేగా, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి," అన్నారాయన. ఏడేళ్ళు. ఆయన గీసిన గడుల లెక్కే ఆయనకి తెలియదు. మా అత్తగారైతే మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు కూడా: "ఇన్నాళ్ళకి నీ చదువు అక్కరకొచ్చిందమ్మాయ్!" మరి ఇన్నాళ్ళూ నేను చేసింది ఏమిటో అడగాలనిపించింది. అన్నం వడ్డిస్తున్నాను కాబట్టి అడగలేదు.

శుక్రవారం రాజీనామా ఇచ్చాను. మా పెద్దసారు చదివి, "పాప చదువు కోసమా? మంచి తల్లివమ్మా," అన్నారు. ఆ నోటితోనే పక్కకి తిరిగి, "ఆ కిటికీ దగ్గర బల్ల ఎవరికిద్దాం?" అని అడిగారు. నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. నా మొహం చూశారేమో, "సోమవారం పొద్దుటిదాకా ఈ కాగితం పైకి పంపను. మనసు మారితే వచ్చి పట్టుకెళ్ళు," అన్నారు. సీసాలు కడిగి బోర్లించి ఇంటికొచ్చాను. శనివారమంతా ఆ మాటే పట్టుకుని తిరిగాను. బట్టలు ఉతుకుతూ, కూరలు తరుగుతూ, వెళ్ళి తెచ్చేసుకుంటే ఏమవుతుంది, ఏమవుతుంది అని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పిల్ల సీటు కన్నా నాకు ఆ బల్లే కావాలనిపించింది.

ఆదివారం పొద్దున బట్టలు సర్దుదామని వెళితే బీరువా మీద చార్టు పొడుగు పెరిగి ఉంది. మా అమ్మాయి ఇంకో కాగితం దానికి అతికించింది. సీటు తర్వాత కాలేజీ, ఉద్యోగం, పెళ్ళి, పాప. ఆఖరి గడిలో "పాప ఆరో తరగతి. ఉద్యోగం మానేయడం." దాని కింద బాధ్యత వరసలో "నేను". గీతలు ఎక్కడా వంకర పోలేదు. స్కేలు కదలకుండా పట్టుకోవడం నేనే నేర్పాను.

"ఇదేంటే?"

"నాన్న సీటు దగ్గర ఆపేశారమ్మా. మిగతాది నేను వేశా." లెక్కల పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ఉద్యోగం మానేయడం ఎందుకు?"

"నీకూ మంచి ర్యాంకే వచ్చిందిగా? నువ్వూ మానేశావుగా?"

"ఆ గడి కొట్టేయవే, తల్లీ."

పెన్సిలు తీసుకుని బీరువా దగ్గరికి వచ్చింది. కొట్టేయబోయి ఆగింది. పదకొండేళ్ళ పిల్ల, బుద్ధిగా ఆలోచించి అడిగింది.

"కొట్టేస్తే మరి నా పాపని ఎవరు చదివిస్తారమ్మా?"

వాళ్ళ నాన్న అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. పక్క గదిలోంచి ఆయన టీ అడిగారు. నేను వెళ్ళి పెట్టాను.

సోమవారం నేను ల్యాబుకి వెళ్ళలేదు. ఆరో తరగతి గడిలో మొదటి టిక్కు పెట్టాను.