బల్లకు ముందు గురువారం

ఐర్లండ్‌లోని కార్క్‌లో శనివారం సంతలో, మెనొనైట్ క్రైస్తవుల పద్ధతిలో తెల్లటి పల్చని టోపీ పెట్టుకుని రొట్టెలమ్మే ఆవిడతో, "నేను కూడా మెనొనైట్‌నే" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. చెవులకు జూకాలు, చేతులకు గాజులు, పెదాలకు రంగు.

"ఎక్కడి మెనొనైట్‌వి?" అంది.

"గద్వాల."

ఆమెకు గద్వాల తెలియదు. వందేళ్ళకు ముందే మెనొనైట్ మిషనరీలు మా పాలమూరు వైపు వచ్చారనీ, మా అమ్మమ్మ అక్కడి మెనొనైట్ బ్రదరన్ చర్చిలో ముప్పై ఏళ్ళు పాటలు పాడించిందనీ చెప్పాను. రొట్టె పొట్లం కడుతున్న చేయి ఆగింది.

"మీ అమ్మమ్మ కూడా జూకాలు పెట్టుకునేదా?"

"జూకాలే కాదు, ముక్కుపుడక కూడా."

పకపకా నవ్వింది. "అయితే నువ్వు మాకు చాలా దూరపు చుట్టానివన్నమాట."

ఆమె పేరు వెర్నా. ఊరి బయట పొలాల మధ్య వాళ్ళ సంఘం ఉంది. పదిహేను కుటుంబాలు. కార్లున్నాయి, టీవీలు లేవు. నగలు పెట్టరు, ఒట్టు వేయరు, ఎవరి మీదా కోర్టుకెక్కరు. వాయిద్యం లేకుండా నాలుగు స్వరాల్లో పాడతారు. ఆ పాట మొదటిసారి విని ఇంటికొచ్చిన రోజు పొయ్యి మీద పప్పు పెట్టి మరిచిపోయాను. నేనలా ఎప్పుడూ మరిచిపోను.

మా ఆయన హేమచంద్ ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. డ్యూటీలో లేకపోతే నిద్రలో ఉంటాడు. నేను హోమ్ సైన్స్ చదివి ఇల్లు చూసుకుంటున్నాను. రెండేళ్ళు ప్రతి ఆదివారం ఆ ప్రార్థనా మందిరానికి వెళ్ళాను. అక్కడ సభ్యులైన ఆడవాళ్ళు ఒకరినొకరు ముద్దు పెట్టుకుని పలకరించుకుంటారు. బయటివాళ్ళకు చేయి కలుపుతారు. వెర్నా కూడా నాకు చేయే కలిపేది. ఆ తేడా మొదట్లో నాకు పట్టలేదు. తర్వాత ప్రతి వారమూ పట్టింది. చేరతానని చెప్పాను.

వెర్నా నాకు బూడిదనీలం గౌను కుట్టిపెట్టింది. కుట్లు నాకంటే బాగా వేస్తుందని ఒప్పుకోవాలి. జూకాలు, గాజులు తీసేయడం కష్టం కాలేదు. పుస్తెలతాడు దగ్గర ఆగిపోయాను. హేమచంద్ వాళ్ళది హిందూ కుటుంబం. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగినా, మూడు ముళ్ళు పడేదాకా మా అత్తగారు చాముండేశ్వరమ్మ అన్నం ముట్టలేదు.

"నీకిష్టమైతె తీసెయ్," అన్నాడు హేమచంద్. "నా ఆయుష్షేం దానికి వేలాడతలేదు. గని అమ్మకు తెల్వొద్దు. తెలిసిందనుకో, దొరికిన విమానమెక్కి వస్తది. ఆ లొల్లి నేను పడలేను."

అందుకని ఆదివారం అత్తగారితో వీడియో కాల్ ఉన్న అరగంట మాత్రం వేసుకుని, అయిపోగానే తీసి వంటింటి అలమారలో డబ్బాల వెనక పెట్టేదాన్ని.

ఒక ఆదివారం కాల్ వచ్చేసరికి వెర్నా మా వంటింట్లోనే ఉంది. ఫోనుకు కనపడకుండా బల్లకు అటు పక్క కూర్చుంది.

"ఏంది పిల్లా, పుస్తెలు గంత తళతళ మెరుస్తున్నయి?" అంది అత్తగారు. "చెమట వట్టే పనేం చేస్తలేవా ఏంది?"

"ఇక్కడ చలి అత్తమ్మా, చెమటెక్కడిది?"

కాల్ అయ్యాక ఆ మాటలు ఇంగ్లీషులో చెబితే వెర్నా ఆప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తాడు కొక్కెం జడలో చిక్కుకుంటే ఆమే నా వెనక నిలబడి, వెంట్రుక తెగకుండా నెమ్మదిగా విడదీసింది.

"ఇది ఎవరికీ చెప్పలేదు వెర్నా."

"నా దగ్గరే ఉంటుంది," అంది.

ఏడాదికి రెండుసార్లు వాళ్ళకు ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి రెండు వారాల ముందు సభ్యులు ఒక్కొక్కరే పక్కగదిలోకి వెళ్ళి బిషప్‌తో రెండు సంగతులు చెప్పాలి. దేవుడితో, తోటివారితో సమాధానంగా, అంటే మనసులో ఏ పొరపొచ్చాలూ లేకుండా ఉన్నారా? కొత్తగా చేరేవారిని ఒప్పుకుంటారా? ఒక్కరికి మనసొప్పకపోయినా చేరిక ఆగిపోతుంది. మొన్న అక్టోబరులో ఆ ఆదివారం నేను వెనక బెంచీ మీద కూర్చుని తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో చూస్తూ ఉన్నాను.

చివరికి బిషప్పే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆవులు పెంచే ముసలాయన, మాట చాలా మెత్తన.

"ప్రభావతీ, నీ విషయం వసంతం దాకా ఆపుదామనుకుంటున్నాం. ఆదివారాలు అరగంట ఆ గొలుసు వేసుకుని, మీ అత్తగారి ముందు..." అని ఆగాడు. "అది నిజాయితీ కాదు కదమ్మా."

ఎవరు చెప్పారని అడగలేదు. అరగంట సంగతి హేమచంద్ కాక వెర్నా ఒక్కతికే తెలుసు. గుమ్మం దగ్గర ఆమె ఎవరి పిల్లకో కోటు గుండీలు పెడుతోంది. పెట్టిన గుండీనే మళ్ళీ విప్పి పెడుతోంది. తలెత్తలేదు.

"అంటే పొమ్మన్నట్టే గదా?" అన్నాడు హేమచంద్ ఆ సాయంత్రం.

"పొమ్మనలేదు. ఆగమన్నారు."

"అవి రెండు ఎప్పటి సంది వేరయినయి?"

పదకొండు రోజులు వెర్నా దగ్గర నుంచి ఒక్క మాట లేదు. బల్లకు ముందు గురువారం బెల్ కొట్టింది. కుర్చీ చూపించాను. టీ పెట్టలేదు.

"నేను నీ గురించి చెప్పడానికి వెళ్ళలేదు," అంది. "నా గురించి చెప్పుకున్నాను. ఆ రోజు నేనూ నవ్వాను. ఆ గొలుసు నా చేతులతోనే తీశాను. అది దాచుకుని బల్లకెలా వెళ్ళను?"

"దానికి నీకేమన్నారు?"

"క్షమించారు." గొంతు తగ్గింది. "అప్పుడే."

"నాకు ఆర్నెల్లు."

ఆమె టోపీ అంచు సర్దుకుంది.

"ఒకరి తప్పు మనసులో పడితే ముందు వాళ్ళ దగ్గరికే ఒంటరిగా వెళ్ళాలి, సంఘానికి చెప్పడం ఆ తర్వాత. ఆ పద్ధతి నాకు నేర్పింది నువ్వే. ఎందుకు రాలేదు?"

"వస్తే నువ్వు టీ పెట్టేదానివి. ఏదో అని నవ్వించేదానివి. చెప్పలేక తిరిగి వెళ్ళిపోయేదాన్ని."

అది నిజమే అయి ఉంటుంది. ఆమె నా దగ్గర ఇష్టపడినవే, నన్ను తప్పించుకోవడానికి కారణాలయ్యాయి.

"నువ్వు నాతో సమాధానంగా లేకపోతే నేను రొట్టె తీసుకోలేను, నీకు తెలుసు. మనసులో ఏమీ లేదని ఒక్క మాట చెప్పు ప్రభా."

ఇలాంటప్పుడు మా వాళ్ళందరం "పర్లేదులే" అంటాం. పెళ్ళిలో పీట వేయని పెద్దమ్మకైనా, పట్టుచీర మీద కూర ఒలికించినవాళ్ళకైనా అదే మాట. ఎన్ని వందలసార్లు అన్నానో, అందులో ఎన్నిసార్లు నిజంగా పర్లేదో నాకే తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆమె కళ్ళు తుడుచుకుని లేచేది. ఆదివారం బల్ల దగ్గర ఉండేది. నేను వెనక బెంచీ మీద ఉండేదాన్ని.

"లేదు వెర్నా. ఉంది. చాలా ఉంది."

"అయితే ఆదివారం నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళలేను. ఎందుకని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది."

"చెప్పు. ఈసారి నేనే చెప్పమంటున్నాను. ఏ మాటా వదలకుండా చెప్పు."

ఆమె లేచింది. గుమ్మంలో నా భుజం మీద చేయి వేయబోయి, నా మొహం చూసి దింపేసుకుంది.

కారెక్కింది కానీ కదల్లేదు. కిటికీలోంచి స్టీరింగ్ మీదికి వంగిన తెల్ల టోపీ కనపడుతోంది. నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఏమీ అడగకుండా లోపలికి వచ్చి కూర్చుంటే కూర్చోనిద్దామనుకున్నాను. అంతవరకే. క్షమించే శక్తి నాలో ఉందో లేదో చూద్దామని మనసులో వెతికాను. అక్కడ ఆ ఆదివారం నాడు గుండీలు పెడుతున్న ఆమె వేళ్ళు తప్ప ఏమీ దొరకలేదు.

చాలాసేపటికి ఇంజను శబ్దమైంది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పెట్టాను.