సిమ్‌లో నడిచిన బండి

గ్యాస్ సిలిండర్‌ను యాభై రోజులు లాగే మనిషి కాటన్‌పేటలో ఎవరంటే అందరూ జయమ్మ పేరే చెబుతారు. అలాంటి ఇల్లాలి బండిని ‘దీనికి దమ్ము లేదు’ అని అమ్మకానికి పెట్టాడు ఆమె మొగుడు గోపాలప్ప. ఒళ్లు మండదా మరి!

జయమ్మ లంగా గుడ్డలు కత్తిరించి జిగణిలో కుట్టుపని చేసే ఆడవాళ్లకు ఇస్తుంది, కుట్టినవి తెచ్చుకుంటుంది. పోను ముప్పై, రాను ముప్పై కిలోమీటర్లు. అందుకే ఎలక్ట్రిక్ బండి కొనుక్కుంది. నిండా ఛార్జింగ్ పెడితే నూరు కిలోమీటర్లు పోతుందన్నారు అమ్మినవాళ్లు. మొదటిసారి తానే వెళ్తానని గోపాలప్ప మూటలు వేసుకుని బయలుదేరాడు. తిరిగొస్తుంటే డెయిరీ సర్కిల్ దగ్గర, అరవై కూడా నిండకముందే బండి నిలిచిపోయింది. టెంపోలో ఎక్కించి తెస్తుంటే వీధి వీధంతా నవ్వింది. ఆ ఉక్రోషంతో ఈ సాయంత్రానికి మంజునాథ్ అనే కొనుగోలుదారును రమ్మన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే!

“బండి పోతే నా పనీ పోతాది,” అంది జయమ్మ. “అన్నే మూటలతో నేను పోయొస్తా. దారిలో నిలిస్తే అమ్మేయండి. వస్తే మళ్లా అమ్మే మాటెత్తకూడదు.”

“పో, పో. టెంపోవాడి నంబరు రాసుకుని పో,” అన్నాడు గోపాలప్ప.

ఆమె రాసుకోలేదు. నిండా ఛార్జింగ్ పెట్టి, చక్రాలకు గాలి కొట్టించింది. గోపాలప్ప వేగం కోసం పెట్టిన స్పోర్ట్స్ మోడ్ తీసేసి, పొయ్యి సిమ్‌లో పెట్టినట్టు, ఛార్జి ఆదా చేసే ఎకో మోడ్ పెట్టింది. అన్నం ముప్పాతిక ఉడకగానే పొయ్యి కట్టేసి మూతపెడితే, మిగతాది ఆవిరికే ఉడుకుతుందని ఆమెకు తెలుసు. అలాగే ఎర్ర సిగ్నల్ దూరాన కనబడగానే యాక్సిలరేటర్ వదిలేసింది. బండి దానంతటదే దొర్లుకుంటూ పోయింది. వాలులో కాస్త ఛార్జి తిరిగొచ్చింది కూడా. వెనక హారన్లు మోగితే మోగనీ, వాళ్ల సొమ్మేం పోయింది!

జిగణిలో మూటలు మార్చుకునేసరికి యాభై ఎనిమిది శాతం మిగిలింది. తిరుగుదారిలో గొట్టిగెరె దగ్గర వాన, ఆపైన ట్రాఫిక్. డెయిరీ సర్కిల్ చేరేటప్పటికి పంతొమ్మిదికి దిగింది. మొగుడి పరువు పోయింది ఇక్కడే. “నా తల్లీ, నన్ను నవ్వులపాలు చేయొద్దే,” అని జయమ్మ హ్యాండిల్ నిమిరి, ఎత్తెక్కితే ఛార్జి తినేస్తుందని ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది దారి పట్టింది.

ఇంటి ముందు గోపాలప్ప, మంజునాథ్ కాఫీ తాగుతున్నారు. బండి వచ్చి వాళ్ల ఎదుటే ఆగింది. అరవై ఒక్క కిలోమీటర్లు తిరిగినా ఇంకా పదకొండు శాతం ఉంది. జయమ్మకు ఏనుగెక్కినంత సంబరమైంది.

“ఏమప్పా మంజునాథ్, మీ ఇల్లెక్కడ?”

“చామరాజపేటక్కా, ఈ పక్కనే.”

“మూటలు దించి ఎక్కు. వదిలిపెట్టి వస్తా. ఇంకా ఛార్జి ఉండాది.”

కొనడానికి వచ్చినవాడు నవ్వుకుంటూ వెనక ఎక్కి కూర్చున్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన కిటికీలోంచి ఛార్జింగ్ వైరు లాగి, చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఏమే, నాకూ బండి అట్లా నడిపేది నేర్పిస్తావా?”

“ఓ, నేర్పిస్తా,” అంది జయమ్మ, తడి చెంగు పిండుకుంటూ. “ముందు ఈ పూట అన్నం మీరు వండండి.”