బట్టీ పైన మబ్బు

తన బట్టీ పొగకూ దేవుడిచ్చే వానకూ సంబంధమేమిటన్న సందేహం ఇటుకల మేస్త్రిని ఏళ్లుగా వదల్లేదు. మండువేసవిలో మబ్బు కమ్మడంతో, పచ్చి ఇటుకల మీద టార్పాలిన్ కప్పుతూ కూతుర్ని మళ్లీ అడిగాడు.

"బొగ్గు కాలిస్తే వచ్చే వాయువు దుప్పటిలా వేడిని పైకి పోనీకుండా ఆపేస్తుంది నాన్నా. నీళ్లు ఎక్కువగా ఆవిరై, వాన అదను తప్పుతుంది."

"నా ఒక్క బట్టీతోనే?"

"అందరూ 'నా ఒక్కడితోనేనా' అనే అంటున్నారుగా!"

ఉరిమింది. పక్క వాకిట్లో కుమ్మరి వదిన ఆరబెట్టిన పచ్చి కుండల మీద గోనె గుడ్డయినా లేదు. ఈ టార్పాలిన్ నాలుగేళ్ల కిందట ఆమె దగ్గర అరువు తెచ్చిందే.

పొగ నాది, కరిగేది ఆమె కుండలా? దేవుణ్ణి తలుచుకుని, టార్పాలిన్ లాక్కుని పరుగెత్తాడు.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చానా మరిదీ?" అంటూ వదిన రెండో కొస అందుకుంది.

వెనక అతని ఇటుకల మీద చినుకులు మొదలయ్యాయి.